అమ్మ వేలిముద్ర పడలేదంటే ముందు స్క్రీన్ మీద నంబరు అడగండి

మీరు అడిగిన విషయం ఇదీ. అమ్మకు 67 ఏళ్లు. కళ్యాణదుర్గం దగ్గర పల్లెలో ఒక్కరే ఉంటారు, మీకు బెంగళూరులో ఉద్యోగం. కొన్ని నెలలుగా ఆమె వేలిముద్ర ఎక్కడా పడటం లేదు. ఊళ్లోని మినీ బ్యాంకులో డబ్బు తీయలేకపోతున్నారు, రేషన్ డీలర్ రేపు రమ్మంటున్నాడు, చేసిన ఉపాధి పనికి కూలీ కూడా ఖాతాలో కనబడటం లేదు. ఆధార్ సెంటర్‌కు తీసుకెళ్లి వేళ్లు మళ్లీ వేయించినా మార్పు లేదు. ‘ఆధారే క్యాన్సిల్ అయ్యుంటుంది, కొత్తది తీయించండి’ అని ఎవరో చెప్పారట. తీయించాలా వద్దా అన్నది మీ ప్రశ్న.

వద్దు. కొత్తగా నమోదు చేయిస్తే ఆమె వేళ్లు, కళ్లు, ముఖం దేశంలో అందరి వివరాలతో పోల్చి చూస్తారు. పాత ఆధార్ బయటపడుతుంది, డూప్లికేట్ అని రిజెక్ట్ అవుతుంది. ఈలోపు నెలలు గడిచిపోతాయి. ఆ సలహా ఇచ్చినవారికి మంచి ఉద్దేశమే ఉండొచ్చు గానీ దానివల్ల పని జరగదు.

నేను అనంతపురం జిల్లాలోనే మొదట ఆధార్ నమోదు ఆపరేటర్‌గా, తర్వాత చాలా ఏళ్లు బ్యాంకు మిత్రగా, అంటే ఊళ్లో మినీ బ్యాంకు నడిపేవాడిగా పనిచేశాను. మిషన్‌కు ఇవతల కూర్చున్నవాడిగా ఒక మాట చెప్తాను. ‘వేలు పడలేదు’, ‘సర్వర్ లేదు’ అనే రెండు మాటల కింద కనీసం అయిదారు వేర్వేరు జబ్బులు దాక్కుని ఉంటాయి. దేని మందు దానిదే. మీ ప్రశ్న చదివితే బ్యాంకు, రేషన్, ఉపాధి మూడూ ఒకే కారణంతో ఆగినట్టు మీరు అనుకుంటున్నారు. నాకైతే అలా అనిపించడం లేదు. కనీసం ఉపాధి కూలీకి వేలిముద్రతో సంబంధమే లేదు. అది చివర్లో చెప్తాను.

ముందు చేయాల్సింది ఆ మిషన్ ఏం నంబరు చూపిస్తోందో తెలుసుకోవడం. వేలు పెట్టిన ప్రతిసారీ ఫెయిలైతే స్క్రీన్ మీద ఒక కోడ్ వస్తుంది. మిషన్ పట్టుకున్నవాడు అది చదవడు. ‘అవ్వా, పడ్లే, రేప్పొద్దున రా’ అని తర్వాతి మనిషిని పిలుస్తాడు. వెనక పదిమంది లైన్లో ఉంటే నేనైనా అదే చేస్తాను. కానీ ఆ నంబరులోనే మొత్తం ఉంది. 300 వస్తే వేలు సరిపోలలేదని. 330 వస్తే వేలు బాగానే ఉంది, బయోమెట్రిక్ (వేళ్లు, కళ్లు, ముఖం వివరాలు) లాక్ చేసి ఉందని. 811 అయితే ఆమె బయోమెట్రిక్ వివరాలు అసలు కేంద్ర డేటాబేస్‌లో లేవని. 997 వస్తే ఆధార్ యాక్టివ్‌గా లేదని, 998 వస్తే ఆ నంబరే తప్పు కొట్టారు లేదా దాని వివరాలు దొరకడం లేదని. ఇవన్నీ ఆధార్ సంస్థ ఇచ్చే కోడ్‌లు. బ్యాంకు మిషన్లో 51 వస్తే ఖాతాలో డబ్బు చాలలేదని, 91 వస్తే బ్యాంకు సర్వర్ స్పందించడం లేదని. నిజంగా ‘సర్వర్ లేదు’ అనాల్సింది ఈ చివరి దానికే.

అమ్మ ఫోన్ నంబరో మీ నంబరో ఆమె ఆధార్‌కు లింకై ఉంటే మీరు బెంగళూరులో కూర్చునే ఇది చూడొచ్చు. ఆధార్ సంస్థ వెబ్‌సైట్ మైఆధార్ పోర్టల్‌లో ఆమె ఆధార్ 12 అంకెలు, ఓటీపీ కొట్టి లోపలికి వెళ్తే ఆథెంటికేషన్ హిస్టరీ అని ఉంటుంది. గత 6 నెలల్లో ఆమె ఆధార్‌ను ఎవరు, ఏ తేదీన, ఏ సమయానికి అడిగారో, వేలితోనో కంటితోనో ఓటీపీతోనో అడిగారో, ఫెయిలైతే ఏ కోడ్ వచ్చిందో వరసగా కనిపిస్తాయి, గరిష్ఠంగా 50 దాకా. డీలర్ దగ్గర ఒక కోడ్, బ్యాంకు దగ్గర ఇంకో కోడ్ ఉంటే మీ అనుమానం అక్కడే తీరిపోతుంది. ఏ నంబరు లింకై ఉందో గుర్తులేకపోతే అదే సైట్‌లో ఆధార్ సరిచూసే పేజీలో ఓటీపీ లేకుండానే లింకైన ఫోన్ నంబరు చివరి 3 అంకెలు చూపిస్తుంది. ఆధార్ బతికే ఉందా లేదా అన్నదీ అక్కడే తేలుతుంది. ఆ పేజీ ‘ఉంది’ అంటే ‘క్యాన్సిల్ అయింది’ అన్న పుకారు అంతటితో సరి.

330 గురించి ఒక్క మాట, ఎందుకంటే పిల్లలు బెంగళూరులో ఉండే ఇళ్లలో ఇది ఎక్కువ. ఆధార్ మోసాల వార్తలు చూసి ఎప్పుడో మీరే యాప్‌లో అమ్మ బయోమెట్రిక్స్ లాక్ చేసి మర్చిపోయి ఉండొచ్చు. లాక్ చేయడం తప్పు కాదు. కానీ చేశాక ఏ మిషన్ మీద ఏ వేలు పెట్టినా 330 తప్ప మరేమీ రాదు, పల్లెలో ఎవరికీ కారణం తెలియదు. దీనికి పరిష్కారం కూడా సులువే. తాత్కాలికంగా తెరిస్తే 10 నిమిషాలు తెరిచి ఉండి మళ్లీ దానంతట అదే మూసుకుంటుంది. అమ్మ మిషన్ ముందు కూర్చుని మీకు ఫోన్ చేస్తే మీరు అక్కడినుంచే తెరవొచ్చు. డబ్బు భద్రంగా ఉండాలంటే ఇంతకంటే మంచి ఏర్పాటు నాకు తెలియదు.

997 వస్తే మాత్రం తేలిగ్గా తీసుకోకండి. 2025లో ఆధార్ సంస్థ చనిపోయినవారివని గుర్తించి 2 కోట్లకు పైగా నంబర్లను ఆపేసింది. అలాంటి పెద్ద ప్రక్షాళనలో బతికున్న మనిషి ఇరుక్కుంటే అది ఊళ్లో తేలే పని కాదు. ఆధార్ హెల్ప్‌లైన్ 1947కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకుని, హైదరాబాద్ అమీర్‌పేటలోని ప్రాంతీయ కార్యాలయం దాకా నడిపించాలి.

ఇక 300. మీ అమ్మగారి వయసు, పని చూస్తే బ్యాంకులో, రేషన్‌లో వచ్చేది ఇదే అయ్యుంటుందని నా అంచనా. ఆమె శెనక్కాయలు వలుస్తారా, చేలో కాయలు తుంచుతారా? మన జిల్లాలో అక్టోబరు, నవంబరుల్లో కట్టెలోంచి కాయ తుంచే పని చేసినవాళ్లు డిసెంబరులో మిషన్ దగ్గరికొస్తే నాకు ముందే తెలిసేది, వేలు పడదని. మట్టి, కాయ పొట్టు కలిసి గీతల్ని అరగదీస్తాయి. దానికి తోడు చలిగాలి. తాడిపత్రిలో నల్లబండ పాలిష్ చేసేవాళ్లు, కడప వైపు బండలు కోసేవాళ్లు, సిమెంటు పనికి పోయేవాళ్లు కూడా ఇదే బాధ పడతారు. ఆకు వక్క వేసుకునే అవ్వలకు ఇంకో చిక్కు: సున్నం ఏ వేలితో రాస్తారో ఆ వేలు మిషన్‌కు పనికిరాదు. సున్నం చర్మాన్ని తినేస్తుంది. చాలామందికి అది చూపుడు వేలే. మిషన్ వాడు మొదట అడిగేదీ అదే.

అయితే మంచి మాట ఒకటుంది. గీతలు పోలేదు, అరిగాయి. వేలి గీతల అసలు రూపం పై చర్మంలో ఉండదు, దాని కింది పొరలో ఉంటుంది. పై చర్మం సుమారు నెల రోజుల్లో కొత్తగా వస్తుంది, వచ్చేటప్పుడు పాత రూపంతోనే వస్తుంది. లోతైన గాయపు మచ్చ ఉంటే తప్ప అవే గీతలు తిరిగి కనబడతాయి. వయసు మీరినవాళ్లకు చర్మం పలచబడి, వదులై, ఎండిపోతుంది కాబట్టి పడుచువాళ్లకు వచ్చినంత స్పష్టంగా రావు. అంతే తేడా. కాబట్టి రెండు మూడు వారాలు కరకు పని మాన్పించి, రాత్రి పడుకునే ముందు వేళ్లకు కొబ్బరినూనె పట్టించండి. పొద్దున మిషన్ దగ్గరికి పోయే ముందు సబ్బుతో కడిగి పొడిగుడ్డతో తుడవాలి. నూనె వేళ్లతో పోతే గాజు మసకబారుతుంది.

మిషన్ ముందు కూర్చున్నాక జరిగే తప్పులు చూస్తే మీకు నవ్వొస్తుంది. ‘గెట్టిగా వత్తవ్వా’ అంటారు. గట్టిగా ఒత్తితే గీతలు నలిగి ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఆమె భయపడి వేలి కొసతో పొడుస్తుంది. కొసలో గీతలు తక్కువ, సుడి ఉండేది వేలి మెత్త మధ్యలో. వేలిని పడుకోబెట్టి, బరువు వేయకుండా, ఆ మెత్త గాజు మధ్యకు వచ్చేలా పెట్టి కదలకుండా ఉంచితే చాలు. వేలు బాగా ఎండిపోయి ఉంటే నుదుటి మీద ఒకసారి రుద్దుకుని పెట్టమనండి. చర్మంలోని సహజమైన జిడ్డు సరిపోతుంది. గాజు మీద ముందు మనిషి మరక ఉంటే తుడవమనండి, అడగడానికి మొహమాటం వద్దు. ఇంకొకటి, ఎక్కువమంది పట్టించుకోనిది: ఈ స్కానర్లు లోపలి వెలుతురుతో ఫొటో తీస్తాయి. అరుగు మీద ఎండలో కూర్చోబెట్టి వేలు పెట్టిస్తే ఎండ గాజులోకి దూరి ఫొటో తెల్లబోతుంది. నీడలోకి జరిపితే అదే వేలు పడుతుంది.

అన్నింటికంటే ముఖ్యమైనది వేలి ఎంపిక. రిజిస్ట్రారు ఆఫీసులో, బ్యాంకు కాగితాల మీద బొటనవేలు వేసి వేసి మన పెద్దవాళ్లకు వేలిముద్ర అంటే బొటనవేలే అన్న లెక్క పడిపోయింది. ఆధార్‌లో 10 వేళ్లూ ఉన్నాయి. ఏది పెట్టినా ఒక్కటే. కుడిచేత్తో పనిచేసేవాళ్లకు ఎడమ ఉంగరపు వేలు, ఎడమ మధ్య వేలు బాగా మిగిలి ఉంటాయి. నా దగ్గర బొటనవేలు చూపుడు వేలు రెండూ పడనివాళ్లలో చాలామందికి ఉంగరపు వేలు పడేది. పదింటినీ వరసగా వేయించి ఏ వేలు ఎంత బాగా కలుస్తుందో చెప్పే బెస్ట్ ఫింగర్ పద్ధతి కూడా ఆధార్‌లో ఉంది. మిషన్లో ఆ సదుపాయం లేకపోతే మీరే ఒక్కో వేలూ పెట్టించి చూడండి. పడిన వేలిని అమ్మకు గుర్తుండేలా చెప్పండి. ఎక్కడికెళ్లినా మొదట అదే పెట్టాలి.

ఆధార్ సెంటర్‌లో మళ్లీ తీయించినా లాభం లేదన్నారు కదా, దానికి కారణం ఇలా అయ్యుంటుంది. ముద్ర నాణ్యత తక్కువగా ఉంటే నమోదు సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు, మళ్లీ తీయమంటుంది. కొన్నిసార్లు తీసినా రాకపోతే ఆపరేటర్‌కు ఫోర్స్ క్యాప్చర్ అనే దారి ఉంటుంది. ఉన్నదాంట్లో మెరుగైనది ఉంచుకుని ముందుకు పోవడం. ఇరవైమంది టోకెన్లు పట్టుకుని నిలబడితే ఆ దారి తొందరగా ఎక్కేస్తారు. కాయలు తుంచిన చేతులతో అలా ఇచ్చిన ముద్ర రికార్డులో చేరితే, రేపు వేళ్లు బాగుపడ్డాక పెట్టినా దానితో సరిపోలదు. అంటే అప్‌డేట్ ఎప్పుడు చేయించారన్నది ఎంతో ముఖ్యం. పని లేని రోజుల్లో, వేళ్లకు విశ్రాంతి ఇచ్చాక, పొద్దున్నే సెంటర్ తెరవగానే తీసుకెళ్లండి. నాలుగు వేళ్లూ ఒకేసారి పెట్టేటప్పుడు ఒక్కొక్కటీ ఎంత శాతం వచ్చిందో స్క్రీన్ మీద కనిపిస్తుంది. మీకు చూపించమనండి. తక్కువ వస్తే చేతులు కడుక్కొచ్చి మళ్లీ వేయిస్తామని చెప్పండి. కళ్లు, ముఖం ఫొటో కూడా కొత్తగా తీయించడం మర్చిపోవద్దు, రేపు అవే అక్కరకొస్తాయి. బయోమెట్రిక్ అప్‌డేట్‌కు 2025 అక్టోబరు 1 నుంచి 125 రూపాయలు. రసీదు ఇస్తారు. అంతకంటే అడిగితే 1947కు చెప్పండి. అదే రోజు ఫోన్ నంబరు కూడా లింకు చేయించేయండి.

ఇంత చేసినా వేలు పడకపోవచ్చు. 67 ఏళ్ల చేతులవి. అప్పుడు వేలి దగ్గరే వేలాడకుండా కన్ను, ముఖం, ఓటీపీ వైపు పోవాలి. ఇవన్నీ ఆధార్ చట్టబద్ధంగా ఒప్పుకున్న దారులే. ముఖానికి ప్రత్యేకమైన పరికరం అక్కర్లేదు, మామూలు ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఫేస్ యాప్ ఉంటే చాలు, ఒకసారి కళ్లు ఆర్పమంటుంది. వెలుతురు ముఖం మీద పడేలా, వెనక గోడ ఉండేలా నిలబెట్టండి. ముసుగు కొంగు తీయమనండి. ఐరిస్, అంటే కంటి స్కాన్ కూడా బాగా పనిచేస్తుంది, కంటి ఆపరేషన్ అయినవాళ్లకు మాత్రం ఒక్కోసారి ఇబ్బంది పెట్టొచ్చు.

ఒక్కో చోట ఏం అడగాలో చెప్తాను.

బ్యాంకు దగ్గర అయితే మినీ బ్యాంకు ఒక్కటే దారి అని ఎవరు చెప్పారు? ఆమె ఖాతా ఉన్న బ్రాంచికి పాస్‌బుక్ తీసుకెళ్లి విత్‌డ్రాయల్ ఫారం మీద వేలిముద్ర వేసి డబ్బు తీసుకోవచ్చు. చదువురానివాళ్లకు ఎప్పటినుంచో ఉన్న పద్ధతే అది, ఆధార్ పుట్టకముందు నుంచీ. ‘ఇప్పుడవన్నీ లేవు, బీసీ (బ్యాంకు మిత్ర) కాడికి పోండి’ అంటే మేనేజర్‌ను కలవండి. మంచానపడ్డవాళ్ల విషయంలో కూడా రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది: ఇద్దరు సాక్షులు, అందులో ఒకరు బ్యాంకు ఉద్యోగి, గుర్తిస్తే వేలిముద్ర, అదీ కాకపోతే కాలి వేలి ముద్ర కూడా చెల్లుతుంది. 70 దాటినవాళ్లకు ఇంటి దగ్గరే సేవ ఇవ్వాలని 2017 నవంబరులో బ్యాంకులకు ఆదేశం వచ్చింది, అమ్మకు ఇంకో మూడేళ్లు ఉంది కాబట్టి అది పక్కన పెట్టండి. రూపే కార్డు ఉంటే పిన్‌తో మినీ బ్యాంకు మిషన్లోనే తీయొచ్చు, వేలు అక్కర్లేదు. ఆ కార్డు పెట్టెలో అడుగున మూలుగుతూ ఉంటుంది, ఒకసారి వెతకండి. ఇంకో సంగతి, జన్‌ధన్ ఖాతా అయితే కేవైసీ గడువు దాటి ఆగిపోయి ఉండొచ్చు. ఆ పథకం 2014 ఆగస్టులో మొదలైంది, మొదట్లో తెరిచిన ఖాతాలకు పదేళ్లు నిండాయి. దానికి వేలు ఎంత బాగా పడినా డబ్బు రాదు.

ఇక్కడే ఒక హెచ్చరిక. ఇది నిజంగా జరిగే మోసం, చెప్పకపోతే ఈ సమాధానం పూర్తికాదు. వేలు పెట్టిన ప్రతిసారీ అది ఒక లావాదేవీ. ‘ఫెయిలైంది, ఇంకోసారి పెట్టవ్వా’ అన్నప్పుడు మొదటిది నిజంగా ఫెయిలైందో లేదో అమ్మకు తెలియదు. ఒక్కో లావాదేవీకి 10,000 దాకా పోవచ్చు. నాతోటి బ్యాంకు మిత్రలను అనుమానించమని కాదు, ఎక్కువమంది తక్కువ కమీషన్‌కు, పాడైన మిషన్లతో, నానా మాటలు పడుతూ ఊరికి సేవ చేసేవాళ్లే. కానీ ఒకడు చెడ్డవాడైతే అవ్వ దగ్గర రుజువు ఉండదు. కాబట్టి ఖాతాకు మీ ఫోన్ నంబరు పెట్టించండి. ఎస్సెమ్మెస్ మీకు రావాలి. ఫెయిలైనా సరే రసీదు తీయమని అమ్మకు నేర్పండి. ఫెయిలైన లావాదేవీకి డబ్బు ఖాతాలోంచి కట్ అయితే, 5 రోజుల్లోపు తిరిగి వేయాలి, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని 2019 సెప్టెంబరు 20న రిజర్వ్ బ్యాంకు చెప్పింది. ఈ సంగతి బ్రాంచిలో ఎవరూ మీకు చెప్పరు, మీరు రాసిస్తే మాత్రం కాదనరు. 30 రోజుల్లో బ్యాంకు తేల్చకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు, వివరాలకు 14448. తెలియని లావాదేవీ కనబడితే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930.

రేషన్ కథ వేరు. మన రాష్ట్రంలో డీలర్ల దగ్గర వేలిముద్ర తీసుకునే ఈపాస్ మిషన్లు 2015 నుంచీ ఉన్నాయి, కాబట్టి వేలు పడని అవ్వను చూడటం ఏ డీలర్‌కూ కొత్త కాదు. కార్డులో ఉన్న ఎవరి వేలైనా చెల్లుతుంది. మీ పేరు అదే కార్డులో ఉంటే మీరు ఊరొచ్చిన రోజున మీరే వేయొచ్చు. మిషన్లో రెండు వేళ్లు కలిపి చూసే ఫ్యూజన్ పద్ధతి ఉంటుంది, అడగండి. ఒక్కో వేలూ సగం సగం సరిపోలినవాళ్లకు రెండూ కలిస్తే పడిపోతుంది. 2025 జూన్‌లో ఇంటింటికీ రేషన్ తెచ్చే బండ్లు ఆపి మళ్లీ షాపుల్లో ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు 65 దాటినవాళ్లకు, దివ్యాంగులకు ఇంటికే తెచ్చివ్వాలన్నారు. అమ్మకు 67. ఆమె డీలర్ చుట్టూ తిరగడమే అసలు తప్పు. ఈ మాట డీలర్‌తో కాదు, గ్రామ సచివాలయంలో చెప్పండి.

పింఛను గురించి మీరు రాయలేదు, అది సరిగానే వస్తోందనుకుంటాను. సచివాలయం ఉద్యోగి ఒకటో తేదీన ఇంటికొచ్చి ఇస్తాడు, 4,000 రూపాయలు. వేలు పడకపోతే ఆయన ఫోన్‌లోనే ముఖం పెట్టి ఇచ్చే వీలుంది. పింఛను ముఖంతో వస్తోందంటే ఆమె ముఖం ఆధార్‌తో సరిపోలుతోందని మీకు రుజువు దొరికినట్టే. మిగతా చోట్ల అదే చెప్పి ఒత్తిడి చేయండి.

ఇప్పుడు ఉపాధి. 2006 ఫిబ్రవరి 2న దేశంలో ఉపాధి హామీ మొదలైంది మన నార్పల మండలం బండ్లపల్లిలో. అప్పుడు కూలి లెక్క కాగితం మస్టరులో, అంటే హాజరు పట్టీలో ఉండేది. ఇప్పుడు హాజరు ఫోన్‌లో, రోజుకు రెండు ఫొటోలతో. కూలి ఆధార్ ద్వారా, 2024 జనవరి 1 నుంచి తప్పనిసరిగా. గుట్టల మీద సిగ్నల్ లేక రెండో ఫొటో ఎక్కకపోతే ఆ రోజు పని చేసినా చేయనట్టే. ఈ ఊరి కొండ మీద సిగ్నల్ ఉందో లేదో ఢిల్లీలో యాప్ రాసినవాడు చూసి రాలేదు మరి. అమ్మ విషయంలో మొదట ఊళ్లో ఉపాధి పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంట్‌ను అడిగి ఆ వారం మస్టరులో ఆమె రోజులు పడ్డాయా చూడండి. పడి ఉంటే డబ్బు వచ్చే ఉంటుంది, వేరే ఖాతాకు పోయి ఉంటుంది. ఇది నేను ఎక్కువసార్లు చూసిన జబ్బు. ఆధార్ ద్వారా వేసే డబ్బుకు ఖాతా నంబరుతో పని లేదు. ఆ ఆధార్ చివరిగా ఏ బ్యాంకుకు లింకైందో ఆ బ్యాంకుకే పోతుంది. ఎవరో ఊళ్లోకి వచ్చి ‘ఉచిత ఖాతా, వేలు పెట్టండి’ అంటే పెట్టి ఉంటారు, అప్పటినుంచి డబ్బు అందులో పడుతూ ఉంటుంది. మైఆధార్‌లో బ్యాంక్ సీడింగ్ (ఆధార్‌కు బ్యాంకు లింకు) స్టేటస్ చూస్తే ఆ బ్యాంకు పేరు కనబడుతుంది. పాత బ్యాంకుకు మార్చాలంటే ఆ బ్రాంచిలోనే ఆధార్ సీడింగ్ ఫారం మళ్లీ ఇవ్వాలి. ఆధార్ సెంటర్‌లో మారదు, అక్కడ గంటలు నిలబడి తిరిగొచ్చేవాళ్లు రోజూ ఉంటారు.

ఎక్కడా కుదరకపోతే కాగితం పెట్టాలి. వేలు పడలేదని సరుకు, డబ్బు ఆపకూడదన్న నిబంధన గట్టిగానే ఉంది. 2017 అక్టోబరు 24న కేంద్ర ఆహార శాఖ, అదే ఏడాది డిసెంబరు 19న క్యాబినెట్ సెక్రటేరియట్ ఇచ్చిన ఆదేశాల్లో కన్ను, ముఖం, ఓటీపీ, అవేవీ కుదరకపోతే రిజిస్టర్‌లో రాసి ఇవ్వమని ఉంది. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు తీర్పులో కూడా ఆథెంటికేషన్ ఫెయిలైందన్న కారణంతో అర్హులకు పథకం అందకుండా పోకూడదన్నదే సారం. నా ఫిర్యాదల్లా ఒక్కటే. ఆదేశం కాగితంలో ఉంది, కింది ఉద్యోగి చేతిలోని యాప్‌లో ఆ బటన్ ఉండదు. ఉన్నా నొక్కితే రేపు ఆడిట్‌లో తనను అడుగుతారని భయం. అందుకే నోటితో అడిగితే కాదంటారు. తేదీ, కార్డు నంబరు, వచ్చిన కోడ్, పైన చెప్పిన రెండు ఆదేశాల తేదీలు రాసి, సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే గ్రీవెన్స్‌లో ఇవ్వండి, రసీదు నంబరు తీసుకోండి. అనంతపురం దాకా రాలేకపోతే రాష్ట్ర ప్రభుత్వ ఫిర్యాదుల నంబరు 1100కు ఫోన్ చేసినా నమోదవుతుంది. ఊరికే ‘వేలు పడటం లేదు’ అని రాస్తే ‘ఆధార్ అప్‌డేట్ చేయించుకోవాలని సూచించడమైనది’ అని మూసేస్తారు. కోడ్ రాస్తే, అప్‌డేట్ చేయించిన రసీదు జత చేస్తే అలా మూయడం కుదరదు.

ఒక పని ముందు చేయండి: ఆథెంటికేషన్ హిస్టరీ తెరిచి బ్యాంకు వరసలో, రేషన్ వరసలో ఏ కోడ్‌లు ఉన్నాయో చూడండి. రెండు చోట్లా 300 అయితే పైన చెప్పినట్టు వేళ్లతో మొదలుపెట్టండి. వేరేది వస్తే ఆ నంబరు, తేదీ రాయండి. ఆధార్ నంబరు మాత్రం రాయకండి. చూసి చెప్తాను.